కొత్త మనిషి కావాలన్నారు

పాపకు పోటీల్లో దిగడానికి మంచి పొట్టి గుర్రం కావాలి. పాపంటే మస్కట్‌లో నేను పనిచేసే ఇంటి పిల్ల; నా నోట మాత్రం ఎప్పుడూ మా పాపే. గుర్రం అందమూ నడకా చూసి మార్కులేసే పోటీ అట. అందుకని మేడమ్, స్వారీ నేర్పే మాస్టరు, పాప, పాప నీళ్ల సీసా పట్టుకుని నేను, ఊరవతల బర్కాలో గుర్రాలమ్మే తోటల్లో పడి తిరిగాం.

మొదటి తోటలో ఎర్ర గుర్రం, పెళ్లికొడుకులా ఉంది. అమ్మేవాడు దాని కాలెత్తి చూపించాడు, తోక పట్టి లాగాడు, వెనకాలే నిలబడి నవ్వాడు. మాస్టరు ఒప్పుకోలేదు. "రోజూ మేతేసేవాణ్ణి ఏ గుర్రమూ తన్నదు. గుర్రాలతో మసిలే నేనూ పనికిరాను. కొత్త మనిషి కావాలి," అన్నాడు. నన్నెవరూ అడగలేదు. నేనే తగుదునమ్మా అంటూ చున్నీ నడుముకు బిగించి దాని వెనక్కి పోయాను. పాప మీద ప్రేమో, మేడమ్ ముందు గొప్పకో, ఇప్పటికీ తేల్చుకోలేను.

తన్నింది. గిట్ట తొడకు రాసుకుపోయింది గనక సరిపోయింది, నిండుగా తగిలితే కాలు విరిగేదే. మేడమ్ "మిస్కీన్, మిస్కీన్" అని, అయ్యో పాపం అంటూ వాళ్ల భాషలో, పరిగెత్తుకొచ్చి నన్ను లేవదీసింది. నిజంగానే భయపడింది, పాపం. ఏం కాలేదని నవ్వాను. ఆ గుర్రాన్ని వద్దనుకున్నారు.

రెండో తోటలో బూడిద రంగుది, చూడ్డానికి సాధువు. పాప దాని మీద మనసు పడింది. మేడమ్ నా వైపు చూడలేక, "రేపు ఇంకెవరినైనా తీసుకొద్దాం," అంది. హమ్మయ్య అనుకునేలోపు పాప నా చెయ్యి పట్టుకుని ముందుకు నెట్టింది.

"ముందు నువ్వు పో. తన్నకుంటే నేనెక్కుతా."

తెలుగులో అంది. అన్నం తినిపిస్తూ, జడలేస్తూ నేను నేర్పిన తెలుగు, మా కడప యాసతో సహా. అక్కడ అర్థమైంది నాకొక్కదానికే. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పిల్లనేమనను? నన్ను దేనికి వాడుకోవచ్చో ఆ పూటే నేను కళ్ళారా చూపించాను. పోనంటే పాప ఏమందో మేడమ్‌కు చెప్పాలి. పాపకు చివాట్లు పడతాయి. పోయాను.

గుర్రం కదల్లేదు. దాని కడుపు కింద దూరాను, తోక పట్టుకున్నాను, వెనకాల వంగి నిలబడ్డాను. "ఎంత ఓపికో!" అంటూ మాస్టరు గుర్రం మెడ నిమిరాడు. పాప దానికి క్యారెట్ తినిపించింది. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

తిరుగుదారిలో పాప కారులో ఎప్పటిలాగే నా ఒళ్లో తల పెట్టుకుంది, సరిగ్గా దెబ్బ మీదే. కాలు కాస్త పక్కకు జరుపుకున్నాను.

"నొప్పా?" అంది.

"లేదమ్మా."

"అయితే ఇంకో గుర్రం కొనేటప్పుడు కూడా నువ్వే పోవాల."

"పోతాలే, నిద్దరపో," అన్నాను, దాని జుట్టు సర్దుతూ.