అమ్మను పిలవడానికి వెళ్లిన రోజు

నా చిన్నప్పుడు మా కొండల్లో వాన పట్టిందంటే ఇక వదిలేది కాదు. డుంబ్రిగుడ సంతకు పోవాలన్నా అడవిలో కాలిబాట తప్ప మరో దారి లేని తెల్లదొరల రోజులవి. పొయ్యిలో కట్టె అంటుకోదు గాని జ్వరం మాత్రం ఇంటింటికీ అంటుకునేది. అలాంటి వానల్లోనే ఒక ఏడు, మా పక్కింటి పిల్ల వాళ్లమ్మ కూరకు లేత వెదురు కొమ్ముల కోసం జలపాతం పైకి వెళ్లి, పాచిపట్టిన రాతి మీద కాలు జారి నీళ్లలో పడిపోయింది. మగవాళ్లు వాగు పొడుగునా వెతికారు. చీరముక్క దొరికింది, మనిషి దొరకలేదు.

ఆ పిల్ల నా ఈడుదే. పొలం గట్ల మీద పీతలు పట్టడం, చింతకాయలు రాల్చడం, తన్నులు తినడం, అన్నీ ఇద్దరం కలిసే. వాళ్లమ్మ పోయాక అది తిండి మానేసింది. పొద్దున్న లేస్తూనే ఎవరికీ చెప్పకుండా జలపాతం దారి పట్టి, అమ్మ జారిన రాతి మీదే కూర్చునేది. ఎవరో ఒకరు వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవారు. మర్నాడు మళ్లీ అక్కడే. వాన పెరిగేకొద్దీ నీళ్లు ఆ రాతి అంచుదాకా వచ్చేశాయి. వాళ్ల నాన్న చూస్తే మన్యం జ్వరంతో మూలుగుతూ మంచం మీద ఉన్నాడు. ఇక ఈ పిల్లను కూడా వాగు తీసుకుపోతుందని ఊళ్లో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

మాలో ఒక ఆచారం ఉంది. ఇంటి బయట పోయిన మనిషి జీవం ఆ చోటే తిరుగుతుంటుందని మావాళ్ల నమ్మకం. అయినవాళ్లు అక్కడికి వెళ్లి, అమ్మా, అత్తా అని వరస పెట్టి పిలవాలి. పిలిచాక అక్కడ కదిలే చిన్న ప్రాణి ఏది చేతికి చిక్కితే అదే ఆ మనిషి. చేపపిల్ల కావచ్చు, పురుగు కావచ్చు. దాన్ని అడ్డాకు దొప్పలో ఇంటికి తెచ్చి పొయ్యి పక్కన వదిలిపెడితే, పోయినవాళ్లు ఇల్లు చేరినట్టే. మామూలుగా వానలు తగ్గాక చేస్తారు. కానీ ఊళ్లో ఇలాంటివాటికి పెద్దదిక్కైన మా మామ్మ, అన్నాళ్లు ఆగడం కుదరదంది. పిలవడానికి ఆ పిల్లనూ, దానికి తోడుగా నన్నూ వెంటబెట్టుకుని వానలోనే బయల్దేరింది.

ఆ దారంతా నేను సణుగుతూనే నడిచాను. నెత్తిన ఆకుల గిడుగు ఉన్నా మెడ వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. కాళ్ల కింద బురద, కాళ్ల మీద జలగలు. నేను అడుగడుక్కీ ఆగి జలగలు లాగి పారేస్తుంటే, నా నేస్తం తన పిక్క మీద రక్తం కారుతున్నా వంగి చూసుకోలేదు. నేనే దాని జలగను లాగాను. అప్పుడైనా అది నావైపు చూడలేదు. నా సణుగుడు అక్కడితో ఆగిపోయింది.

జలపాతం ఎర్రమట్టి రంగులో పొర్లుతోంది. దగ్గర నిలబడితే మన మాట మనకే వినిపించదు.

“గట్టిగా పిలు గుంటా. ఈ సప్పుడికి దానికి ఇనపడొద్దా?” అంది మామ్మ.

“అమ్మా! ఇంటికెల్దాం రాయే!” అని అది పిలిచింది. పిలిచి పిలిచి గొంతు బొంగురుపోయింది. మామ్మ రాళ్ల కింద చేతులు పెట్టి వెతుకుతూనే ఉంది. ఆ వరదలో ఏ ప్రాణి నిలుస్తుంది? చివరికి ఆ పిల్ల చతికిలబడి, “అమ్మకి నామీద కోపం మామ్మా. కొమ్ములకి తోడు రమ్మంటే నాను ఎల్లనేదు. అందుకే రాదు” అంది. అన్నాళ్లూ అది ఆ రాతి మీద ఎందుకు కూర్చుందో అప్పుడు తెలిసింది నాకు.

మామ్మ దానికి వీపు తిప్పి నీళ్లలోకి వంగింది. నేను ఇటు పక్క ఉన్నాను కాబట్టి చూశాను. ఆవిడ చెయ్యి ముందు ఒడిలోకి పోయి, ఒక ఆకుపొట్లం విప్పి, ఆ తరవాతే నీళ్లలో మునిగింది.

“ఇదిగో, వచ్చింది! దొప్ప పట్టు, బేగి!”

దొప్పలో పీత పడింది. ఆ జలపాతం రాళ్లలో ఉండేవి నల్లపీతలు. ఇది ఎర్రపీత, మా పొలం గట్ల మీద బొరియల్లో ఉండేది. నా నోరు తెరుచుకుంది. మామ్మ నావైపు ఒక్క చూపు చూసింది, నోరు మూసుకున్నాను. నా నేస్తం మాత్రం ఆ పీతను చాలాసేపు చూసింది. చూసి, తన గిడుగు తీసి దొప్పకు అడ్డం పెట్టి, తాను తడుస్తూ ఇంటిదారి పట్టింది. వెనక్కి తిరిగి చూడకూడదన్నది ఆచారం. అది చూడలేదు.

ఆ సాయంత్రం పీతను పొయ్యి పక్కన వదిలాక, నా నేస్తం అడిగి మరీ చోడి అంబలి తాగింది. ఇంటికి వచ్చి నేను ఉండబట్టలేక, “ఆ పీత మన పొలందే కదా మామ్మా” అనేశాను. మామ్మ కాళ్లు కడుక్కుంటూ, “అవును. ఏటి సేత్తావిప్పుడు? ఎల్లి సెప్తావా? సెప్తే రేపు మళ్లీ ఆ రాతి మీద కూకుంటాది. నువ్వెల్లి తెత్తావేటే?” అంది.

ఆ తరవాత నా నేస్తం జలపాతం దారి తొక్కలేదు. పెరిగింది, పెళ్లయింది, పిల్లల్ని కంది, నాతో పాటే ముసలిదైంది. పోయిన వానల్లో కన్నుమూసింది. పీతల సంగతి నాకన్నా దానికే బాగా తెలుసు, రంగు చూసి గుర్తుపట్టలేదంటే నేను నమ్మను. అయినా అది చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు ఎవరైనా తమ పోయినవాళ్ల గురించి ఏదైనా నమ్మకంగా చెబుతుంటే, అది నిజమా అని నేను అడగను. అది పట్టుకుని ఈ మనిషి ఎంత దూరం నడిచి వచ్చాడో చూస్తాను. నా నేస్తం వాళ్లమ్మ ఆ రోజు ఇల్లు చేరిందో లేదో నాకు తెలియదు. వాళ్లమ్మ కూతురు మాత్రం చేరింది.