నాయిన మోకు

కోరుట్లల మా మనుమరాలు కొన్న నడిచే మిషన్ కాడ ఇంక కొత్త రబ్బరు వాసన పోలేదు. నాలుగు దినాలు దానిమీద ఉరుకుతది, పది దినాలు తువ్వాలలు ఆరేస్తది. ఆ వాసన తగిలితే నాకు కాలు నిలువదు, చెప్పులు తొడుక్కొని బయటవడుత. చిన్నప్పుడు గసొంటి వాసనే నాయిన దుబాయి పెట్టెల నుంచి వచ్చింది.

మాది బీర్పూర్ల కల్లు గీసే ఇల్లు. వానలు లేక ఈత చెట్లు కల్లు ఇయ్యని యేడు నాయిన దుబాయి పోయి, ఓ గోదాము ముంగట కుర్చీల కూసోని మూడేండ్లు కావలి కాసిండు. తిరిగొచ్చిన మనిషిని నేను గుర్తువట్టలే. పొట్ట ముందొస్తే ఆయన ఎనుకొచ్చిండు. చెట్టునూ మనిషినీ కలిపి చుట్టే తాడు, మోకు, పాతదే కట్టుకొని ఎక్కబోతే పొట్ట చెట్టుకు ఒత్తుకొని, నిలువెత్తు పోకముందే రొప్పుకుంట దిగిండు. ముడి ఇప్పి మోకు పెంచబోతే నాయినమ్మ చెయ్యి పట్టుకున్నది.

"పెంచితే ఏమైతదే అవ్వా?"

"ఇయ్యాల మోకు పెంచుతవు, రేపు చెట్టును వంగుమంటవు. పొట్ట తగ్గియ్యి కొడుకా."

దసరా దాటితే గీత మొదలు. అప్పటికి ఎక్కకుంటే ఆయన వంతు చెట్లు వేరేటోళ్లకు పోతయి. వీసాలు ఇప్పిచ్చే కోరుట్లాయన పండుగకు జవాబు చెప్పుమన్నడు. చెట్టెక్కితే నాయిన ఇంట్ల ఉంటడు, లేకుంటే మళ్ల పోతడు. నా పానానికి గదొక్కటే తెలుసు.

అప్పటిసంది కోడి కూయకముందే నేనే లేసి ఆయన్ని లేపుడు, మంచుకు తడిసిన గడ్డి కాళ్లను కోస్తుంటే, మక్కచేన్ల పచ్చివాసన పక్కపొంటి, మొదట్ల కాల్వ దాకా, తర్వాత గుట్ట దాకా, ఆయన ఆగితే అంగి పట్టి గుంజుకుంట నడుసుడు. వాన వడ్డా ఆగలే. నాయినమ్మ జొన్నగట్క, పచ్చిపులుసే పెట్టేది. బెల్లం కలిపి మలీద ముద్దలు చేసిన నాడు ఆయన చెయ్యి చాపితే గిన్నె జరిపింది.

"ఒక్కటే అవ్వా."

"గుట్ట ఎక్కి దిగిరా. సగం ఇస్త."

రోజూ వచ్చినంక ఆయన మోకు వేసుకొని నిలవడితే, పొట్టకూ చెట్టుకూ నడుమ నేను చెయ్యి పెట్టి చూసేదాన్ని. మొదట్ల వేలు సుత పట్టలే. తర్వాత రెండు వేళ్లు. ఒక్కపూట తప్పితే మళ్ల బిగుతైతదేమోనని నాకు అన్నం సయించకపోయేది.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగాల నా అరచెయ్యి మొత్తం పట్టింది. నాయిన ఎక్కవట్టిండు. మట్టల కాడికి పోయి కిందికి చూసి, "బిడ్డా, ఆ కోరుట్లాయనకు నేను రానని చెప్పు!" అని మొత్తుకున్నడు.

"ముందుగాల దిగు," అన్నది నాయినమ్మ. "దిగుడు సుత పనే."

ముసలోడయ్యేదాకా నాయిన ఈత చెట్లు ఎక్కిండు, గుట్టకు నడుసుడు ఇడవలే. ఇప్పుడు ఆయన లేడు, ఆ ఈతవనం ఉన్న జాగల ప్లాట్ల రాళ్లు పాతిండ్రు. మోకు మాత్రం నా కాడనే ఉన్నది, మంచి తాడును పారేస్తరా?

నిన్న మనుమరాలు ప్యాంటు నడుంకాడ బిగుతైందని, పెద్దది కొంటనన్నది.

"కొనకు," అన్న. "చెప్పులు తొడుక్కో."

గునుసుకుంటనే వచ్చింది. తొవ్వపొంటి ఒక్క ఈత చెట్టు లేదు. ఊరి చివర కరెంటు స్తంభం దాకా పోయి, దాన్ని ముట్టుకొని మళ్లినం.