వేళ్ళ దిమ్మె నీడ

మా ఇంటి ముందరి వేపచెట్టును మొన్న కొట్టేశారు. ఇప్పుడు ఎండ నేరుగా వచ్చి నా బట్టతల మీద కూర్చుంటోంది. వెలుగు పడిన చోట మొలకలు లేస్తాయని ఎరిగినవాణ్ణి కనుక వారం రోజులు ఆశగా తడిమి చూసుకున్నాను. ఏమీ లేవలేదు. వెలుగుకు మొలకలు లేస్తాయన్న సంగతి బడి చెప్పింది కాదు, ఆరో తరగతిలోనే బడికీ నాకూ చెల్లిపోయింది. అచ్చంపేట అవతలి అడవిలో, కూపులో చెట్లు కొట్టే పనిలో, అక్క మొగుడి ఎదురుగా కూర్చుని రంపం లాగుతూ నేర్చుకున్నాను.

ఎనభైల చివర ఒక వేసవిలో గాలిదుమారం లేచింది. పెద్ద నల్లమద్ది ఒకటి వేళ్ళతో సహా పెళ్లగిల్లి పడుతూ పడుతూ చుట్టూ ఉన్న చెట్ల నడుములు విరిచింది. తెల్లారి మేం వెళ్ళేసరికి అడవి కప్పుకు ఇంత బొక్క. ఏళ్ళ తరబడి నీడలో మోకాలెత్తు దాటని మొక్కలు కింద ఎండకు బిత్తరపోయి చూస్తున్నాయి. మనిషికి నీడ మాత్రం ఒక్కచోటే మిగిలింది, మట్టితో సహా గోడలా నిటారుగా లేచిన వేళ్ళ దిమ్మె కింద, అది ఊడివచ్చిన గుంతలో. మొద్దు తెగి దాని బరువు పోతే ఆ దిమ్మె వెనక్కి ఒరిగి మళ్ళీ గుంతలోనే పడుతుంది. అందుకే చివరి కోతకు ముందు మూడుసార్లు కేకెయ్యాలి. బదులు రాకపోతే గుంత ఖాళీ అని అర్థం.

ఆ పొద్దున నేను బావను ఊరికే వదల్లేదు. "రంపం గుంజుతున్నవా బావా, సల్ల చిలుకుతున్నవా?" అన్నాను. కూలీలంతా నవ్వారు. బావ అలిగి, సద్దిగిన్నె పట్టుకుని ఎటో పోయాడు. బామ్మర్ది మీద అలగడం మా దగ్గర బావ హక్కు. రంపం రెండో కొస తనదే కనుక తను లేకుండా కోత సాగదనుకున్నాడు. ఆ కొసను మేస్త్రీ పట్టుకున్నాడు.

"వేరు కాడ ఎవలన్న ఉన్నరా?" మూడుసార్లు అరిచాను. అదీ నా వేళాకోళమే అనుకుని అలిగిన మనిషి పలకలేదు.

మొద్దు తెగింది. దిమ్మె ధడేల్మని గుంతలో కూలింది. మట్టిలోంచి బావ అరుపు. కూలీలు గడ్డపారలతో, నేను గోళ్ళు ఊడేదాకా చేతులతో తవ్వాం. ప్రాణం దక్కింది గానీ కుడికాలు చెరుకు పిప్పి అయింది. మంచం మీద మోసుకుపోతుంటే నులకలోంచి దారంతా నెత్తురు. దవాఖానలో మోకాలి దగ్గర తీసేశారు. అక్క చెప్పందుకుని అలిసిపోయేదాకా కొట్టింది. నేను కదల్లేదు.

పదేళ్ళ తర్వాత, చంకకింద కర్రతో బావ, పక్కన నేను, మళ్ళీ ఆ చోటికి పోయాం. బొక్క లేదు. ఆ మోకాలెత్తు మొక్కలే ఒకదాన్నొకటి తోసుకుంటూ, వెనకబడినవాటిని నీడపెట్టి చంపుకుంటూ ఆకాశాన్ని మూసేశాయి. నా నోరు ఊరుకోదు కదా. "నీ కాలు మంచి ఎరువైంది బావా" అన్నాను.

బావ చంకలో కర్ర తీసి పైన మూసుకున్న ఆకుల్ని చూపించాడు.

"అడివికి పడ్డ బొక్క పదేండ్లల్ల పూడింది. నా మోకాలి కింద జాగ ఎన్నేండ్లకు నిండుతదో, గది గూడ జర సెప్పి నవ్వు బామ్మర్ది."