యేసయ్యకు వరస కుదరని ఏడాది

ఆ కాలంలో మా ఎమ్మిగనూరులో కొత్త మనిషి కనిపిస్తే ముందు పేరు అడిగేవాళ్లు కాదు, వరస వెతికేవాళ్లు. బస్సులో పక్కన కూర్చున్నామె ఊరు గోనెగండ్ల అని తెలిస్తే చాలు, దిగేలోపల ఆమె మనకు పిన్నమ్మో వదినో అయిపోవాలి. అయిపోకపోతే ఇద్దరికీ దిగబుద్ధి అయ్యేది కాదు. వరస తెలియని మనిషితో ఎంత చనువుగా ఉండాలో, ఎగతాళి చేయవచ్చో కూడదో, ఎదురైతే పక్కకు తప్పుకోవాలో నిలబడి పలకరించాలో మాకు అర్థమయ్యేది కాదు. (ఇప్పుడు ఎదురింటివాళ్ల పేరు కూడా తెలియకుండా ఏళ్లకు ఏళ్లు బతికేస్తున్నాం, అది వేరే సంగతి.) ఆ అలవాటే నన్ను పద్దెనిమిదేళ్ల వయసులో, నిండు చర్చిలో, అందరి ముందూ నిలువునా ముంచింది.

మా ఇంట్లో ముగ్గురం. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాయన ఆదోని నుంచి పత్తి లారీ తోలేవాడు. నన్ను పెంచింది అవ్వ, అంటే నాయన తల్లి. మా చర్చిలో ఒక కట్టుబాటు ఉండేది. నెలకోసారి, మొదటి ఆదివారం సంస్కారం ఇచ్చేవాళ్లు. యేసు చివరి భోజనానికి గుర్తుగా చిన్న రొట్టె ముక్క, చిన్న గిన్నెలో ద్రాక్షరసం. అది అందుకోవాలంటే ఏడాదికోసారి ఆదోని నుంచి వచ్చే పెద్దయ్యగారి, అంటే పెద్ద పాస్టరుగారి, ముందు నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పి నెగ్గాలి. నాకు ఆ భయమే లేదు. ప్రశ్నలూ జవాబులూ మొత్తం కంఠస్థం. నాతోపాటు కూర్చోబోయే మా మేనత్త కూతురికి కూడా నేనే నేర్పించాను. (దానికి ఎంత చెప్పినా చెవి కమ్మల మీదే ధ్యాస.) పైగా నేను రోజూ బస్సులో ఆదోనికి వెళ్లి మిషను కుట్టడం నేర్చుకునేదాన్ని కాబట్టి, సంస్కారానికి బేకరీ రొట్టె తెచ్చేది నేనే. ఎవరూ దానిమీద కూర్చోకుండా చంటిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చేదాన్ని. ఎండుద్రాక్ష నానబెట్టి, గుడ్డలో వేసి రసం పిండి, చక్కెర కలిపి కాచడంలో మా పాస్టరమ్మగారికి కుడిభుజం నేనే. ఇంత చేసినదానికి పరీక్ష ఏమిటి, నామకార్థం కాకపోతే అనుకున్నాను.

పెద్దయ్యగారు వచ్చారు. తెల్లటి జుబ్బా, లావుపాటి కళ్లద్దాలు, కోపం ఎరుగని గొంతు. ముందు మా మేనత్త కూతురిని లేపి, యేసు ఎవరమ్మా అని అడిగారు. అది కమ్మ సర్దుకుని, "యోసేపు కొడుకయ్యా... వడ్రంగి పని చేసేటోడు..." అని నవ్వేసింది. నేను తలకాయ పట్టుకున్నాను. ఆయన మాత్రం "సరే, కూచో" అన్నారు. తర్వాత నా వంతు. ఓణీ దోపుకుని లేచి నిలబడ్డాను. దేవుని కుమారుడు, లోకరక్షకుడు, కన్యక గర్భమున పుట్టినవాడు, సిలువ మీద చనిపోయి తిరిగి లేచినవాడు, మరల రానైయున్నవాడు... మెయిలు బండి చిన్న స్టేషన్లు దాటినట్టు ఎక్కడా ఆగకుండా అప్పజెప్పాను. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. పెద్దయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"బాగా సెప్పినావు తల్లీ. ఒక్క తప్పు లేదు. ఇంతకీ ఆయన నీకేమైతాడు?"

నేను బట్టీపట్టిన పాఠంలో ఆ ప్రశ్న లేదు. లేకపోతే ఏం చేయాలి? ఉన్నదాంట్లో తరువాతది చెప్పాలి. పది ఆజ్ఞలు మొదలుపెట్టాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన చెయ్యి ఎత్తి ఆపారు. "అది కాదమ్మా. లారీ తోలే ఆయన నీకు నాయన. ఆ మూల కూచున్న పెద్దామె నీకు అవ్వ. యేసయ్య నీకేమైతాడు?" చర్చి అంతా నావైపే చూస్తోంది. నాకు తెలిసిన వరసలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి గాని ఒక్కటీ బయటికి రాలేదు. "తొందరేం లేదు తల్లీ, ఆలోచన చేసుకో. మళ్లీ ఏడాది వస్తా గదా" అని ఆయన తరువాతి పిల్లను లేపారు. ఆ ఏడు ఆగిపోయింది నేనొక్కదాన్నే. కమ్మలది నెగ్గింది!

ఇంటికి వచ్చాక అవ్వ చెంపలు వాయించుకుంది. "ఎంత పని చేసినావు మే! 'అన్న అయితాడు' అని ఒక్క మాట అనుంటే పోయేది గదా!"

"అన్న ఎట్లైతాడవ్వా?" అంది మా మేనత్త కూతురు. నెగ్గిన దగ్గరినుంచి దానికి బైబిలు వాక్యం మీద ఎక్కడలేని పట్టు వచ్చింది. "మన సంఘమంతా పెండ్లికూతురు, ఆయన పెండ్లికొడుకు అని మొన్ననే సెప్పిరి గదా. అట్లైతే మాకు బావ వరస."

అవ్వ నిర్ఘాంతపోయింది. "మీకు బావైతే నాకు మనవడైతాడు గదే! ఇన్నేండ్లూ మనవణ్ణి పట్టుకోని తండ్రీ తండ్రీ అని మొక్కినానా నేను?"

అన్నం తింటున్న నాయన, "తండ్రి అనే అనుకో, ఏమి పోయింది?" అన్నాడు. అవ్వ ఊరుకుంటుందా? "తండ్రి పైన ఉండే ఆయన. ఈయన కొడుకు. కొడుకును పట్టుకోని తండ్రీ అంటే ఇద్దురికీ కోపమొస్తాది." ఆ పూట మా ఇంట్లో యేసయ్యకు తాత నుంచి అల్లుడి దాకా అన్ని వరసలూ కట్టి చూశారు. అల్లుడనుకుంటే పండక్కి బట్టలు పెట్టాలని అవ్వకు దిగులు పట్టుకుంది. ఏ వరస కలిపినా ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి తేడా కొట్టింది. చివరికి నాయన చెయ్యి కడుక్కుని, "ఆయనకే తెలుస్తాదిలే" అని లారీ దగ్గరికి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు ఆదోనిలో ఖాలాను అడిగాను. ఖాలా అంటే నాకు మిషను నేర్పిన ముస్లిం ఆవిడ. నోట్లో గుండుసూదులు ఉండగానే ఊరి రాజకీయాలన్నీ మాట్లాడగల మనిషి. "మీ యేసును మేము ఈసా అంటాం, మాకూ ఆయన పెద్ద నబీనే, ప్రవక్త. మళ్లా వస్తాడని మేమూ అంటాం. ఆయన తల్లి పేరే నా బిడ్డకు పెట్టుకున్నా, మరియం అని. అయితే బేటీ, నీకేమైతాడని గదా మీ అయ్య అడిగింది, నాకేమైతాడని కాదు గదా? తొక్కు మిషను, జాకెట్టు సాయంత్రానికి ఇయ్యల్ల" అంది. ఆ జాకెట్టుకోసమే వచ్చి కూర్చున్న పత్తి వ్యాపారి భార్య మధ్యలో అందుకుంది. వాళ్ల దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన యేసు పటం కూడా ఉందట. కుంకుమ పెట్టి, శుక్రవారం టెంకాయ కూడా కొడతారట. "దేవుడైతాడు, ఇంకేమైతాడు పాప?" అని ఆశ్చర్యపోయింది. అది నేను ముందే చెప్పి ఓడిపోయిన జవాబు.

తరువాత వచ్చిన మొదటి ఆదివారాలున్నాయే, అవి నా పాలిట శిక్షలు. రొట్టె నేనే తేవాలి, నేనే కోయాలి, రసం నేనే కాయాలి. అందరూ లేచి ముందుకు వెళ్తుంటే నేను వెనక చాపమీద ముక్కు కారే పిల్లలతో కూర్చోవాలి. మా మేనత్త కూతురు పెదవులు తుడుచుకుంటూ నా ముందునుంచే తిరిగి వచ్చేది. మొదట్లో ఉక్రోషంతో ఏడుపొచ్చేది. తరువాత తరువాత ఉక్రోషం పోయింది, ఏడుపు మాత్రం మిగిలింది. అవ్వ కళ్లు మూసుకుని, రెండు చేతులూ చాపి, ఆ ముక్క అందుకునేటప్పుడు ఆమె మొహం చూసేదాన్ని. కాటికి దగ్గరైన మనిషి మొహం కాదది, పుట్టింటికి వచ్చిన పిల్ల మొహం. అవ్వకు అక్కడ ఎవరో కనబడుతున్నారు, నాకు కనబడటం లేదు. అవ్వకు కనబడేది నాకూ కనబడాలి. అదొక్కటే కావాలి నాకు. ఆకలి అన్నా సరే, దిగులు అన్నా సరే, అంతగా నేను దేన్నీ కోరుకోలేదు.

ఒకసారి అవ్వ తన ముక్కలో సగం కొంగున దాచి తెచ్చింది. ఇంటి వెనక్కి పిలిచి, "తిను మే, ఎవురు సూస్తారు?" అంది. "ఆయన సూడడా అవ్వా?" అన్నాను. "ఎవురా ఆయన? నీకేమైతాడు?" అని అవ్వ కళ్లెగరేసింది. ఇద్దరం గోడకానుకుని కడుపు పట్టుకుని నవ్వాం. ఆ సగం ముక్క అవ్వే నోట్లో వేసుకుంది.

ఆ ఏడు వానలు ముందే పడ్డాయి. నాయన పత్తి బేళ్లు ఎక్కించుకుని ఆలూరు మీదుగా బళ్లారికి పోయాడు. శుక్రవారానికి వచ్చెయ్యాలి, రాలేదు. శనివారమూ రాలేదు. ఫోను చేసి కనుక్కునే కాలం కాదు. అవ్వ పూటపూటకూ నాయన అన్నం విడిగా తీసి, గిన్నెమీద పళ్లెం బోర్లించి పెట్టేది. చల్లారిపోయాక అది మేం తినేవాళ్లం, మళ్లీ పూట కొత్తగా పెట్టేది. ఆదివారం చర్చిలో పాటలు పాడలేదు అవ్వ, పోట్లాడింది. "యేసయ్యా, యాడ కూచున్నావు? నా కొడుకు యాడుండాడో నీకు కనపళ్యా? లేచి తీసుకరా పో!" అని పక్కింటి వాళ్లను గద్దించినట్టు గద్దించింది. నాకు ఆ ధైర్యం లేదు. నేర్చుకున్న ప్రార్థనలు ఎన్నో ఉన్నాయి, ఒక్కటీ గుర్తు రాలేదు. గడపలో కూర్చుని రోడ్డువైపు చూస్తూ, "రా, రా" అనుకుంటూ ఉన్నాను.

సోమవారం మిట్టమధ్యాహ్నం నాయన దిగాడు. మోకాళ్ల దాకా నల్లరేగడి బురద. ఆస్పరి అవతల చుట్టుదోవలో లారీ దిగబడిందట, ఎడ్లను కట్టి లాగించారట. అవ్వ తిట్టింది, ఏడ్చింది, వేన్నీళ్లు పెట్టింది. నాయన రెండు మార్లు అన్నం పెట్టించుకుని తిని గుర్రుపెట్టి నిద్రపోయాడు. అవ్వ కూడా ఆ పక్కనే కొంగు పరచుకుని ఒరిగింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. నేను గిన్నెలు కడిగి, వచ్చి మళ్లీ గడపలో కూర్చున్నాను. కూర్చున్నాక గాని తెలియలేదు, ఎందుకు కూర్చున్నానో. నాయన వచ్చేశాడు కదా! మరి నేనెవరికోసం రోడ్డు చూస్తున్నట్టు? అమ్మ కోసమా అంటే, అమ్మ కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఇది అది కాదు. రావాల్సిన మనిషి ఇంకొకరున్నారు. వస్తానని చెప్పి వెళ్లిన మనిషి. అది నాకు అప్పుడే తెలిసింది. ఎండలో అలాగే కూర్చుని చాలాసేపు ఏడ్చాను. దుఃఖమని కూడా అనలేను దాన్ని.

పెద్దయ్యగారు మళ్లీ వచ్చారు. చిన్నపిల్లల వరసలో పొడుగాటి దాన్ని నేనొక్కదాన్నే. నన్ను చూడగానే ఆయన నవ్వారు.

"ఏం తల్లీ, వరస కుదిరినాదా?"

"కుదరలేదయ్యా" అన్నాను. చర్చి అంతా ఘొల్లుమంది. అవ్వ నెత్తిమీద కొంగు మొహం మీదికి లాక్కుంది. నేను ఆగలేదు. "ఏ వరస పెట్టినా మా ఇంట్లో తగువైతాండాదయ్యా. కాని మా నాయన లారీ ఎక్కి పోతే మా అవ్వ అన్నం మూసిపెడ్తాది. ఆయన వచ్చేదాకా ఇల్లు నిండినట్టుండదు. యేసయ్య నాకు అట్లయ్యా. మా నాయన ఉండాడు, అవ్వ ఉండాది, అయినా ఇంగా ఒకరు రావల్ల. ఆ వచ్చే మనిషి ఆయనే. అంతే తెలుసు నాకు."

పెద్దయ్యగారు కళ్లద్దాలు తీశారు, ఈసారి అద్దాలు తుడవలేదు, కళ్లు తుడుచుకున్నారు. "నాకూ అంతేనమ్మా" అని మాత్రం అన్నారు.

ఆ ఆదివారం అవ్వ పక్కన నిలబడి రెండు చేతులూ చాపాను. ఏడాదిగా కలవరించిన ఆ రొట్టె, నేను ముందురోజే కొనడంవల్ల, ఎండిపోయి అంగిట్లో అతుక్కుంది. రసంలో చక్కెర తక్కువైంది. (కాచింది నేనే, ఎవరిని అనేది?) నా మొహం చూసి అవ్వ, "ఏమ్మే, బాగలేదా?" అని చెవిలో అడిగింది. అవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

అవ్వ పోయింది. నాయన పోయాడు. పెద్దయ్యగారూ, ఖాలా కూడా లేరు. ఇప్పుడు నేనే ఒకరికి అత్తను, ఇంకొకరికి అవ్వను, చర్చిలో అందరికీ ఆంటీని. 'మే' అనేది మా వైపు ఇంట్లో ఆడపిల్లను చనువుగా పిలిచే మాట. నన్ను అలా పిలవగలిగిన వయసువాళ్లు ఒక్కరూ మిగల్లేదు. ఆయనకు ఇప్పటికీ వరస కుదరలేదు, కుదరకపోయినా దిగుల్లేదు. వచ్చిన రోజున, ఇన్ని భాషలు తెలిసిన ఆయన, మా గడప దగ్గర నిలబడి "ఏమ్మే, బాగుండావా?" అంటే బాగుండునని మాత్రం ఉంది. మోకాళ్ల నొప్పులతో లేవలేని ముసలిదాని ఆశ చూడండి! అయినా ఆ పిలుపు వింటే, ఒక్క ఉదుటున లేస్తాను.