గోడలోంచి వచ్చిన చెయ్యి

మా అమ్మ దేనికీ భయపడే మనిషి కాదు. ఆమెకున్న భయమల్లా ఒక్క గోడంటేనే. నర్సీపట్నం నుంచి రోలుగుంట వెళ్ళే దారిలోని పల్లెలో, ఆమె పుట్టింటి సామాన్ల గదిలో ఉంది ఆ గోడ. మా అమ్మమ్మ దాని కథ పిల్లలందరికీ చెప్పేది. ఆ ఇల్లు కట్టించిన పెద్దాయన్ని ఎవరో పెళ్ళి పంక్తిలో విస్తరి ముందు నుంచి లేపేశారట. ఆ అవమానాన్ని ఆయన ఏళ్ళ తరబడి కడుపులో దాచుకుని, చివరికి ఆ మనిషిని భోజనానికి పిలిచి, ఆకలితో ఉండగానే గోడలో పెట్టి పూడ్చేశాడట. అప్పటి నుంచీ ఆ మనిషి అన్నం కోసం గోడలోంచి చెయ్యి చాపుతాడట. పెద్దయ్యాక అందరూ నవ్వుకుని మర్చిపోయారు. అమ్మ మాత్రం చిన్నప్పుడు ఆ చేతిని కళ్ళారా చూశానని, మణికట్టు మీద తేలు పచ్చబొట్టు కూడా ఉందని ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

పోయిన నెల ఆ ఇల్లు పడగొట్టి డాబా కడుతున్నారని తెలిసింది. అమ్మకు తిండి సహించలేదు. “నువ్వెళ్ళి సూడవే. నిజంగా మనిషుంటే ఆ ఎముకల్ని మట్టితో పాటు ట్రాక్టర్లో ఎత్తేత్తారు. కర్మ సేయించాల కదా” అంది. తను మాత్రం రానంది. అమ్మ పుట్టకముందే జీడితోట గట్టు దగ్గర తాతయ్యకూ ఆయన తమ్ముడికీ తగువొచ్చి, ఇల్లు రెండు వాటాలైంది. ఆ సామాన్ల గది గోడే నడిమి హద్దు. అవతలి వాటా వాళ్ళతో మాకు మాటల్లేవు. తాతయ్యా అమ్మమ్మా పోయాక మా వాటా కూడా వాళ్ళే కొనుక్కున్నారు. నేనే సిగ్గు విడిచి ఆ ఇంటి మావయ్యకు, అంటే తాతయ్య తమ్ముడి కొడుక్కి, ఫోన్ చేస్తే, “రామ్మా, నువ్వొచ్చేదాకా ఆ గోడ జోలికెళ్ళను” అన్నాడు.

విశాఖ బస్ కాంప్లెక్సులో ఉదయం ఆరింటి బస్సెక్కాను. అనకాపల్లి మీదుగా తొమ్మిది లోపే నర్సీపట్నంలో దిగిపోవచ్చు, టికెట్ నూటయాభై దాటదు. రైల్లో వచ్చేవాళ్ళు నర్సీపట్నం రోడ్ అన్న స్టేషన్ పేరు చూసి మురిసిపోకండి, అక్కడి నుంచి ఊరు చాలా దూరం. బస్టాండు ఎదురుగా వేడివేడి ఇడ్లీ తిని, రెండువందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాను. ఏ పని మీద వచ్చానో చెబితే డ్రైవర్ బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగి చూశాడు. “ఏటండీ, గోడలో మనిషిని సూడ్డానికా? బేగి వొచ్చెయ్యండి మేడమ్, నాను బయటే ఉంటాను. లోపలికి మాత్రం పిలవొద్దు!” చెరకు తోటల మధ్య దారి పొడుగునా నాకు నవ్వొస్తూనే ఉంది, దిగాక మాత్రం ఆటో అక్కడే ఉందో లేదో రెండుసార్లు వెనక్కి చూసుకున్నాను.

ఇంటికి కప్పు లేదు. నడిమి గోడ ఒక్కటీ ఎండలో నిలబడి ఉంది. మేస్త్రీ గునపం పక్కన పెట్టుకుని టీ తాగుతున్నాడు. మావయ్య వాళ్ళమ్మ, అంటే నాకు చిన్నమ్మమ్మ, పీట మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూసింది. ఆమెను చూడటం నాకదే మొదటిసారి. వచ్చిన సంగతి భయం భయంగా చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

“గోడలో మనిషా? అది నానే కదమ్మా!”

గోడ గూట్లో వెనకవైపు ఇటుక ఒకటి కదులుతుందని అప్పుడు చూపించింది. “మీ తాతలిద్దరికీ తగువు గానీ, నాకూ మా అక్కకీ, అదే మీ అమ్మమ్మకీ, ఏటి తగువు? ఇద్దరం ఒకింటి కోడళ్ళం. మీ తాత గట్టు మీద జీడిసెట్టు తనదనీవోడు, మా ఆయన తనదనీవోడు. ఆ సెట్టు పప్పుతోనే కూరొండి ఇందులోంచి అక్కకి అందించీదాన్ని. ఒకనాడు మీ అమ్మ సూసేసింది. పిల్ల నోరు జారితే ఇంట్లో కొట్టుకు సత్తారని, అక్క అప్పటికప్పుడు ఆ కథ కట్టీసింది. పాపం, పిల్లకి రేతిరి జొరవొచ్చిందని తరవాత సెప్పి ఏడిసింది.”

అమ్మకు వీడియో కాల్ చేసి, విన్నదంతా చెప్పి, ఫోన్ ఆ గూటికి ఎదురుగా పట్టుకున్నాను. మావయ్య రెక్క పట్టుకుంటే చిన్నమ్మమ్మ పీట పక్కనున్న గిన్నె తీసుకుని గోడ అవతలికి వెళ్ళింది. ఇటుక వెనక్కి జరిగింది. ముడతలు పడిన చెయ్యి, స్టీలు గిన్నెతో మెల్లగా బయటికొచ్చింది. మణికట్టు మీద తేలు వెలిసిపోయింది గానీ కొండి మాత్రం తెలుస్తోంది.

ఫోన్‌లో అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తరవాత తెరకు దగ్గరగా వంగి అడిగింది.

“పిన్నీ, గిన్నెలో ఏటుంది?”

“పచ్చి జీడిపప్పూ వంకాయే. ఆ సెట్టుదే. తింతావేటి?” అంది గోడ అవతల నుంచి చిన్నమ్మమ్మ.

మధ్యాహ్నానికి గోడ కూలింది. లోపల మట్టీ ఇటుకలే. ఆ కథ నిజంగా జరిగిందా అని అడిగితే, పంక్తిలో అవమానమూ లేదు, పగా లేదు, పూడ్చిందీ లేదు, చెయ్యి మాత్రం నిజమని చెబుతాను. కథలో అది అన్నం అడిగింది, నిజానికి అన్నం పెట్టింది. మా అమ్మమ్మ మీద నాకు కోపం రావాలి గానీ, తిరుగు బస్సులో కూర్చున్నంతసేపూ ఆమె మీద ముద్దే వచ్చింది. అటువైపు వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా వెంట ఉంచుకోండి, ఆ పల్లెల్లో మిమ్మల్ని ఒట్టి చేతులతో పంపరు. నా దగ్గర లేక చిన్నమ్మమ్మ తన డబ్బాలోనే పెట్టిచ్చిన కూరను ఆ రాత్రి అమ్మ ఎవరికీ పెట్టకుండా ఒక్కతే తినేసింది. తెల్లారి డబ్బా కడిగి, ఖాళీగా తిరిగివ్వకూడదని నిండా సున్నుండలు పెట్టి, నా పక్కన కూర్చుంది.

“ఆరింటి బస్సుకి ముందు సీటు దొరుకుద్దేటే?”