ముక్కుగారు నోరు విప్పేదాకా

ఆ రెస్టారెంటులో ఒక అలవాటు ఉండేది. కొత్త వైన్ రుచి చూడడానికి అందరూ బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు, అక్కడ వైన్‌లు ఎంపిక చేసే ముక్కుగారు నోరు విప్పేదాకా ఇంకెవరూ నోరు విప్పకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, ఇరవై ఆరేళ్లలో దానంతట అదే పాతుకుపోయింది. ఆయన గ్లాసెత్తి వాసన చూసి, ఒక గుటక మింగి, ఒకే ఒక్క వాక్యం చెబుతాడు. ఆ తర్వాత మిగిలినవాళ్ల ముక్కులకి కూడా అదే వాసన తగలడం మొదలవుతుంది.

ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉందనుకోండి, అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనబడదు. చూడడానికి ముక్కు మామూలుదే. ఎటొచ్చీ వైన్ గురించి ఎవరైనా పండ్ల పేర్లతో పుస్తకాల భాష మాట్లాడితే ఆయనకి ఒళ్లు మండుతుంది. "పండ్లు కావాలంటే పండ్ల కొట్టుకి వెళ్లండి" అనేస్తాడు. ఆయన రాసే వాక్యాల దారి వేరు. 'కొత్తగా సున్నం వేసిన గది, కిటికీలు తెరిచే ఉన్నాయి.' 'ఇస్త్రీ పెట్టె కింద తడి చొక్కా.' 'పెన్సిల్ చెక్కిన పొట్టు, పక్క గదిలో ఎవరో నారింజ ఒలుస్తున్నారు.' ఒక్కో సీసాకి ఒక్కో వాక్యం, అరచేయంత కార్డు మీద. భోజనానికి వచ్చినవాళ్లు ఆ కార్డులు చదివి నవ్వుకుని, అదే సీసా తెప్పించుకునేవాళ్లు.

ఆ వాక్యాలన్నీ పుట్టేది సోమవారాల్లో. ఆ రోజు రెస్టారెంటుకి సెలవు. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే ఆయన భార్య కూడా అదే రోజు సెలవు పెట్టించుకుంది. ఒక సోమవారం బయట ఏదో ఒక హోటల్లో, ఇంకో సోమవారం ఇంట్లో. బయట తాగే వైన్‌కి సగం రుచి తెల్లటి బల్లగుడ్డ వల్లే వస్తుందని ఆయన నమ్మకం. అందుకే అక్కడ నచ్చిన సీసాని కొని తెచ్చి, వంటింట్లో, రోజూ నీళ్లు తాగే గ్లాసులో పోసి మళ్లీ పరీక్ష పెట్టేవాడు. హోటల్లో మహారాణుల్లా వెలిగినవి కొన్ని ఇంటికొచ్చేసరికి మూతి ముడుచుకునేవి. అక్కడ ఎవరూ పట్టించుకోనివి కొన్ని ఇక్కడ బాసింపట్టు వేసుకుని కబుర్లు చెప్పేవి.

ఇద్దరూ చెరో చీటీ మీద ఎవరికి తోచింది వాళ్లు రాసి, తర్వాత చదువుకునేవాళ్లు. ఇరవై రెండేళ్లలో ఆవిడ చీటీ ఆయన చీటీతో ఒక్కసారీ కలవలేదు. "నీకు వచ్చేది వైన్ వాసన కాదే, గ్లాసు కడిగిన సబ్బు వాసన" అని ఆటపట్టించేవాడు. ఆవిడ నవ్వేసేది. నవ్వినంత మాత్రాన చివుక్కుమనలేదని కాదు.

ఒకసారి ఆయనకి జ్వరం వచ్చింది. నాలుగో రోజుకి తగ్గింది. ఐదో రోజు పొద్దున కాఫీ పొడి డబ్బా మూత తీస్తే ఏమీ లేదు. సబ్బు వాసన చూశాడు. నిమ్మచెక్క నలిపి చూశాడు. ఆఖరికి షూ పాలిష్ డబ్బాలో ముక్కు పెట్టాడు. గాజు పలకని వాసన చూసినట్టే ఉంది. డాక్టరు దగ్గరికి వెళితే, "తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు" అన్నాడు.

యాభై నాలుగేళ్ల మనిషి. ముక్కు లేని ముక్కుగారిని ఎవరు ఉంచుకుంటారు? ఇంకో పని చేతనవునా అంటే కాదు. అందుకని ఓనరమ్మకి చెప్పలేదు, వంటమాస్టరుకి చెప్పలేదు. పోనీ, కట్టుకున్న భార్యకైనా చెప్పొద్దూ! ఆ బుద్ధీ పుట్టలేదు. పైగా సోమవారం రాగానే, "ముందు నువ్వు చదువు" అన్నాడు.

"వానకి తడిసిన ఇసుక" అని చదివింది ఆవిడ, ఎప్పటిలాగే వెక్కిరింత కోసం సిద్ధపడి.

ఆయన తన ఖాళీ చీటీని మడిచి జేబులో పెట్టుకుంటూ, "నేనూ దాదాపు అదే రాశాను" అన్నాడు.

మొదటిసారి ఆవిడ నమ్మలేదు. రెండోసారి ఒట్టు వేయించుకుంది. మూడో సోమవారానికి చెల్లెలికి ఫోన్ చేసి, "మీ బావగారే ఒప్పుకున్నారే, నాకు పట్టుబడిందట" అని చెప్పింది. ఆవిడ వాక్యాలు కార్డుల మీదికెక్కాయి. ఆయన మాత్రం తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు.

ఇలా ఐదు సోమవారాలు గడిచాక, ఏడాదికి సరిపడా వైన్ ఎంచుకునే రోజు వచ్చింది. మధ్యాహ్నం, ఇంకా తలుపులు తెరవకముందు, బల్ల దగ్గర ఐదుగురు కూర్చున్నారు. ఓనరమ్మ, వంటమాస్టరు, సీసాలు తెచ్చిన వ్యాపారి, ముక్కుగారు. ఐదో మనిషి ఆయన భార్య. "ఇంటావిడకీ ముక్కు పదునెక్కిందటగా, తీసుకురండి" అని, ఆ నోటా ఈ నోటా విన్న ఓనరమ్మే కబురుపెట్టింది.

మొదటి మూడు సీసాలూ ఎలాగో గట్టెక్కాయి. నాలుక ఇంకా పులుపు, వగరు చెబుతూనే ఉంది. రంగు కళ్లు చెబుతాయి. మిగతాది వ్యాపారి మాటల్లోంచి ఏరుకున్నాడు. చొక్కా మాత్రం వీపుకి అంటుకుపోయింది.

నాలుగోది ఎర్ర వైన్. ఓనరమ్మ కన్నంతా దాని మీదే. ముక్కుగారు గ్లాసెత్తి గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు. అదే తోటలో కిందటేడు చేసిన వైన్ గురించి తను రాసుకున్నది గుర్తు తెచ్చుకున్నాడు.

"వాన వెలిశాక రాతి మెట్లు" అన్నాడు. "ఇప్పుడిప్పుడే ఎండ తగులుతోంది."

ఓనరమ్మ వాసన చూసి కనుబొమలు ముడిచింది. ఒక్క క్షణమే. "అవును, తడి రాయే" అంది. ఆయన భార్య గ్లాసు దగ్గరికి తెచ్చి చటుక్కున దూరం జరిపింది. మళ్లీ దగ్గరికి తెచ్చి, "అవునండీ, మెట్లే" అంది, మార్కుల కోసం చూసినట్టు ఆయన వైపు చూస్తూ. వ్యాపారి సంతోషంగా కాగితాలు తీశాడు.

వంటమాస్టరు మాత్రం అవుననలేదు. మూడుసార్లు వాసన చూశాడు. గ్లాసు పక్కన పెట్టి తన చొక్కా చేతిని వాసన చూసుకున్నాడు. రొట్టె ముక్క తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత నిమ్మచెక్క తీసుకుని గోటితో గీరాడు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ నిమ్మచెక్కని చూడగానే ముక్కుగారికి తన ఐదో రోజు పొద్దున గుర్తొచ్చింది.

"ఏమైంది మాస్టరూ?"

"ఏం లేదన్నా." అతను గొంతు తగ్గించాడు. "నాకు బూజు కొడుతోందన్నా. తడిసిన అట్టపెట్టెలు మగ్గినట్టు. మీరేమో మెట్లంటున్నారు, అందరూ అవునంటున్నారు. పోయినవారం జలుబు చేసింది నాకు. ముక్కు పోయిందంటారా? ముక్కు లేకుండా వంటింట్లో నేనేం చెయ్యాలన్నా?"

"సంతకం పెట్టెయ్యనా ముక్కుగారూ?" అంది ఓనరమ్మ, కలం తీసి.

'నీ గ్లాసు సరిగ్గా కడగలేదేమోలే' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతకన్నా తేలికైన మాట లేదు. ఇంకో గ్లాసు తెప్పిస్తారు, దాంట్లోనూ బూజే కొడుతుంది. అతను భయపడుతూ వంటింట్లోకి వెళ్లిపోతాడు, ఇంటికెళ్లి కాఫీ డబ్బా మూత తీస్తాడు. నలభై రోజులుగా తను ఒక్కడే మోస్తున్న భయాన్ని ఒక్క వాక్యంతో ఇంకొకడి నెత్తిన పెట్టేశాడు. ఆ సంగతి ఆయనకి అర్థమైంది, సిగ్గేసింది.

"సంతకం పెట్టకండమ్మా" అన్నాడు. "ఆ సీసా చెడిపోయింది. బిరడాకి బూజు పట్టి ఉంటుంది."

"ఇప్పుడేగా మెట్లన్నారు?"

"నాకు వాసన రాదమ్మా. నలభై రోజులైంది."

ముందుగా తేరుకున్నది వంటమాస్టరు. "అయితే నా ముక్కు..."

"నీ ముక్కు బంగారం. పోయింది నాది."

అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఓనరమ్మ కలం మూత పెట్టేసింది. "నాకూ బూజే అనిపించింది. మీరన్నాక రాయి అనిపించింది" అంది. ఆ కోపంలో సగం తన మీదే. "మరి ఈ నలభై రోజులూ కార్డులు ఎవరివి?"

ముక్కుగారు తన భార్య వైపు చూశాడు. ఆవిడ బల్లగుడ్డ వైపు చూస్తోంది.

"రేపట్నుంచి ఈ బల్ల దగ్గరికి రాకండి" అంది ఓనరమ్మ. "ముక్కు వస్తే చూద్దాం. రాకపోతే అప్పుడు మాట్లాడుకుందాం."

మొగుడూ పెళ్లాలు బయటపడ్డారు. ఎండ మండిపోతోంది. బస్టాపు దాకా ఆవిడ రెండడుగులు ముందే నడిచింది. బెంచీ మీద కూర్చున్నాక చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని అంది, "ముక్కు పోయిందని చెబితే నేను కాదనేదాన్నా? మీ బదులు నేను వాసన చూసిపెట్టేదాన్ని. మీరేమో నాకు వచ్చేసిందన్నారు."

"భయమేసింది" అన్నాడు.

"ఇందాక నాకూ బూజే కొట్టింది. మీరు మెట్లన్నారని నేనూ మెట్లన్నాను." ఆవిడ ఆయన వైపు తిరిగింది. "ఒక్క మాట చెప్పండి. ఆ ఐదు సోమవారాల్లో ఒక్కటైనా, ఒక్కటంటే ఒక్కటైనా, నేను నిజంగా సరిగ్గా రాశానా?"

అన్నీ సరిగ్గానే రాశావు అనాలని ఆయనకి ప్రాణం కొట్టుకుపోయింది. ఐదు సీసాలూ ఒకదాని తర్వాత ఒకటి గుర్తు తెచ్చుకున్నాడు. ఒక్కదాని వాసనా ఆయన దగ్గర లేదు.

"నాకు తెలీదే" అన్నాడు.