నానమ్మ చెప్పిన నెలవంక

మా ఇన్సాఫ్ నానమ్మ టీవీలో పిలిచేదాకా అమ్మాన్ నగరం ఆకాశంలోకి రావడానికి నెలవంక కూడా జంకేది. ఇరవై ఆరేళ్లు రంజాన్ పండగ కబురు ఆవిడ నోటే విన్నాం. ముఖం ముడతలు పడిందని టీవీవాళ్లు మాన్పించారు. తర్వాత ఫోన్లో వంటల వీడియోలు పెట్టి రెండు లక్షల మందిని పోగేసింది.

నిన్న సాయంత్రం టీవీ రోజులనాటి ఆకుపచ్చ కోటు తొడుక్కుని మేడెక్కి, "నెలవంక కనబడింది, రేపే పండగ" అని లైవ్‌లో చెప్పేసింది. వీధిలో పిల్లలు కొత్త బట్టలేసుకుని గంతులేశారు. గంట తర్వాత టీవీలో కొత్తమ్మాయి వచ్చి, నెలవంక ఎవరికీ కనబడలేదనీ, రేపు కూడా ఉపవాసమేననీ చెప్పింది.

ఇప్పుడు నానమ్మ పేజీ నిండా తిట్లే. పొద్దుటి నుంచి ఫోన్ ముట్టుకోలేదు.

"పోనీలే నానమ్మా, కళ్లద్దాల మీద మరకని చూసి నెలవంక అనుకున్నావని చెప్పేద్దాం" అన్నాను.

"నాకేమీ కనబడలేదురా వెధవా. ఆ పిల్ల కంటే ముందు నేనే చెప్పాలనిపించింది."